అయిదు నిమిషాలలో ఒక శాస్త్ర విషయం

శాస్త్ర విషయాన్ని తెలుసుకోవడం ఒక పని. తెలుసుకొన్న దానిని పదిమంది ఎదుట నిలబడి, వారికి బోధపడేటట్లు చెప్పడం మరొక పని. మొదటి పనిని చక్కగా చేసిన విద్యార్థులు చాలామంది రెండవ దానిలో తడబడుతూ ఉంటారు. సైన్సు ప్రదర్శనలలో ఉపాధ్యాయులు దీనిని తరచుగా గమనిస్తూనే ఉంటారు. నెల రోజులు శ్రమపడి, స్వయంగా ప్రయోగం చేసి, కొలతలు తీసిన బాలిక న్యాయనిర్ణేతల ముందు రెండు ముక్కలు చెప్పి ఊరుకొంటుంది. పుస్తకంలోని పేజీని వల్లించిన బాలుడు గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పి మెప్పు పొందుతాడు. ఇందువల్ల కలిగే నష్టం ఆ బాలికది మాత్రమే కాదు. ఆమె కనుగొన్న సంగతిని వినలేకపోయిన తరగతి అంతటిదీ.

క్లుప్తంగా, స్పష్టంగా మాట్లాడడం పుట్టుకతో వచ్చే వరమనీ, అది కొందరికే అబ్బుతుందనీ ఒక అభిప్రాయం ప్రబలి ఉన్నది. ఇది సరి కాదు. చిన్న ఉపన్యాసం కూడా ప్రయోగం వంటిదే. దానికి సామగ్రి కావాలి, క్రమం కావాలి, కొలత కావాలి, ముందుగా చేసి చూసుకోవడం కావాలి. ప్రయోగం ఫలించిందా లేదా అనేది ఫలితాన్ని బట్టి తెలిసినట్లే, ఉపన్యాసం ఫలించిందా లేదా అనేది విన్నవారు ఏమి గ్రహించారన్న దానిని బట్టి తెలుస్తుంది.

ఫారడే నేర్చుకొన్న విద్య

మైకేల్ ఫారడే (1791-1867) పేరు విద్యుచ్ఛక్తిని గురించి చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆయన లండను నగరంలో ఒక పుస్తకాల దుకాణంలో బైండింగు పని నేర్చుకొన్న పేద కుర్రవాడు. 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇచ్చిన ఉపన్యాసాలు నాలుగింటిని విని, పటాలతో సహా వ్రాసుకొని, ఆ కాగితాలను తానే బైండు చేసి డేవీకి పంపాడు. 1813లో ఆ సంస్థలోనే ఆయనకు సహాయకుడుగా ఉద్యోగం దొరికింది.

ఆ సంవత్సరంలోనే ఫారడే తన మిత్రుడు ఆబట్‌కు వ్రాసిన ఉత్తరాలలో ఉపన్యాసాలను గురించి విపులంగా చర్చించాడు. ఉపన్యాస మందిరం ఎట్లా ఉండాలి, పరికరాలను ఎట్లా అమర్చాలి, వక్త ఎట్లా నిలబడాలి అనే విషయాలను, రసాయన ద్రవ్యాలను పరీక్షించినంత శ్రద్ధగా ఆయన పరిశీలించాడు. తరువాత ఉచ్చారణ, ప్రసంగ పద్ధతి నేర్చుకోవడానికి ఒక ఉపాధ్యాయుని పాఠాలకు కూడా హాజరయ్యాడు. మాట్లాడేటప్పుడు వేగం పెరిగిపోయే అలవాటు ఉండడంవల్ల 'నెమ్మది' అనే అర్థమిచ్చే మాట వ్రాసిన అట్టముక్కను ఎదురుగా పెట్టుకొనేవాడు. ఒకవేళ దానిని మరచి వేగం పెంచితే, ఆ అట్టను ముందుకు తెచ్చి పెట్టవలసిందని సహాయకుడు ఆండర్సన్‌కు చెప్పి ఉంచేవాడు.

రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బాలబాలికల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు 1825లో ఆరంభమయ్యాయి. ఫారడే పందొమ్మిది సార్లు ఆ ఉపన్యాస పరంపరలను నిర్వహించాడు. వాటిలో పేరు పొందినవి కొవ్వొత్తిని గురించినవి. ఆయన చెప్పిన ఆరు ఉపన్యాసాలు 1861లో గ్రంథ రూపంలో వెలువడ్డాయి. ప్రతి ఇంటిలోనూ వెలిగే ఒక వస్తువును ఎదుట పెట్టుకొని, దహనం, గాలి, నీరు, శ్వాసక్రియ దాకా ఆయన శ్రోతలను నడిపించాడు.

ఇందులో విద్యార్థి గ్రహించవలసిన సంగతులు రెండు. అంత గొప్ప వక్త కూడా ఆ విద్యను అభ్యాసంతో సంపాదించాడు. ఆయన పెద్ద విషయాన్ని చెప్పడానికి కంటికి కనబడే చిన్న వస్తువును ఎన్నుకొన్నాడు.

ఒకే ఒక వాక్యం

ఉపన్యాసాన్ని తయారు చేయడంలో మొదటి పని పుస్తకాలు పోగుచేయడం కాదు, వదలిపెట్టడం. 'ఉష్ణం' అనేది అయిదు నిమిషాలకు తగిన విషయం కాదు. 'బాష్పీభవనం' అన్నా ఇంకా విశాలంగానే ఉన్నది. 'మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి?' అన్నప్పుడు విషయం చేతికి అందే పరిమాణానికి వస్తుంది. సర్ సి. వి. రామన్ 1968లో అహమ్మదాబాదులో విద్యార్థులకు ఇచ్చిన ప్రసిద్ధ ఉపన్యాసానికి కూడా పసిపిల్లలు అడిగే ప్రశ్ననే, ఆకాశం నీలంగా ఎందుకున్నది అనే ప్రశ్ననే, విషయంగా తీసుకొన్నాడు.

ప్రశ్న దొరికిన తరువాత, శ్రోతలు ఇంటికి తీసుకొని పోవలసిన సంగతిని ఒకే వాక్యంలో వ్రాసుకోవాలి. కుండ విషయంలో అది ఇట్లా ఉండవచ్చు: 'కుండ పైనుంచి ఆవిరి అయిపోయే నీరు, కుండలో మిగిలిన నీటి వేడిని తీసుకొని పోతుంది.' ఈ వాక్యానికి సహాయపడేది ఏదైనా ఉపన్యాసంలో ఉండవచ్చు. సహాయపడనిది ఎంత రుచికరమైనదైనా ఉండకూడదు. కుండలను చేసే విధానం, వాటి చరిత్ర, రకాలు మంచి విషయాలే. వాటికి వేరొక రోజు ఉన్నది.

ఇంత కఠినంగా ఎందుకు ఏరివేయాలి? చదివేవాడు అర్థం కాని చోట ఆగి, పేజీ వెనుకకు తిప్పుకోగలడు. వినేవానికి ఆ సదుపాయం లేదు. పైగా మనస్సు ఒక్కసారి పట్టి ఉంచగల అంశాలు బహు కొద్ది. 1956లో జార్జి మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ సంఖ్య ఏడు ప్రాంతంలో ఉంటుందని ఒక ప్రసిద్ధ వ్యాసంలో చర్చించాడు. తరువాతి పరిశోధనలను సమీక్షించి నెల్సన్ కోవన్ 2001లో దానిని సుమారు నాలుగుకు తగ్గించాడు. కొత్త విషయం వింటున్న విద్యార్థి ముందు పది అంశాలు గుమ్మరిస్తే, పదీ జారిపోవడమే జరుగుతుంది.

కాలాన్ని పంచుకోవడం

అయిదు నిమిషాలంటే 300 సెకండ్లు. వాటిని డబ్బు వలె లెక్కపెట్టి ఖర్చు చేయాలి. కుండను గురించిన ఉపన్యాసాన్ని ఈ విధంగా పంచుకోవచ్చు.

మొదటి అర నిమిషం ప్రశ్నకు. ఒకే గదిలో ఒక మట్టికుండ, ఒక స్టీలు బిందె ఉన్నాయి. పొద్దున రెండింటిలోనూ ఒకే బావి నీళ్ళు పోశారు. మధ్యాహ్నానికి కుండలోని నీళ్ళు చల్లగానూ, బిందెలోవి గది వేడితోనూ ఉన్నాయి. కారణమేమి? వక్త ఇంతటితో ఆగి, ఒక్క క్షణం తరగతిని ఆలోచించనివ్వాలి. 'గౌరవనీయులైన అధ్యక్షులకు' అంటూ సాగే సుదీర్ఘ సంబోధనలకు ఇక్కడ తావు లేదు. ఒక్క నమస్కారం చాలు.

తరువాతి నిమిషం అందరికీ తెలిసిన అనుభవానికి. తడిచేతిమీద ఊదుకొంటే చల్లగా ఉంటుంది. స్నానం చేసి గాలిలోకి వస్తే చలి వేస్తుంది. తరగతిలోని వారందరూ అప్పటికప్పుడే వేలు తడుపుకొని ఊది చూడవచ్చు. తెలిసిన దాని నుంచి తెలియని దానికి పోవడమే బోధనకు రాజమార్గం.

తరువాత ఒకటిన్నర నిమిషం ప్రయోగానికి. ప్రయోగశాలలో వాడే ఉష్ణమాపకాలు రెండు కావాలి. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టాలి; రెండవది పొడిగా ఉండాలి. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. అందులో కొలత 35 డిగ్రీల ప్రాంతంలో ఆరంభమవుతుంది. పాదరసపు రకమైతే పాదరసం తనంతట తాను దిగదు కూడా. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం నిలకడకు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కనుక దానిని ఉపన్యాసానికి ముందే అమర్చి ఉంచి, మాట్లాడేటప్పుడు నోటుపుస్తకంతో విసరి, ముందు బల్లమీది విద్యార్థి ఒకరిచేత రెండు అంకెలనూ బిగ్గరగా చదివించాలి. వక్త చెప్పిన అంకెకంటె తోటి విద్యార్థి చదివిన అంకెను తరగతి ఎక్కువగా నమ్ముతుంది.

ఆ తరువాతి నిమిషం లెక్కకు. గది వేడిలో ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కాలరీల ఉష్ణం కావాలి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు చల్లబరచాలంటే ఒక కాలరీ తీసివేస్తే చాలు. కాబట్టి ఒక్క గ్రాము నీరు ఆవిరి అయితే, అర లీటరుకు పైగా నీరు ఒక డిగ్రీ చల్లబడవచ్చు. ఉపన్యాసంలో ఈ ఒక్క లెక్క చాలు. బయటి వేడి కొంత కుండలోకి వస్తూనే ఉంటుంది గనుక నిజంగా చల్లబడేది ఇంతకంటె తక్కువ అని ఒక మాట చేర్చాలి.

మరొక అర నిమిషం ఈ సూత్రం బలహీనపడే చోటును చూపడానికి. మే నెలలో అనంతపురం పొడిగాలిలో కుండ బాగా పనిచేస్తుంది. అదే కుండ విశాఖపట్నంలో సముద్రపు గాలి తేమకు అంత బాగా పనిచేయదు. గాలిలో అప్పటికే నీటి ఆవిరి నిండుగా ఉంటే కుండ పైని నీరు త్వరగా ఆవిరి కాలేదు. సూత్రం ఎక్కడ తగ్గుతుందో చెప్పినప్పుడే, అది ఎందుకు పనిచేస్తుందో శ్రోతలకు గట్టిగా తెలుస్తుంది.

చివరి అర నిమిషంలో మొదట వ్రాసుకొన్న వాక్యాన్ని మళ్ళీ చెప్పి, ముగించాలి.

మాటల ఎంపిక

ఉపన్యాసాన్ని వ్యాసంగా వ్రాసి కంఠస్థం చేయడం మన పాఠశాలల్లో ఆనవాయితీ. దీనిలో ఒక ప్రమాదం ఉన్నది. వల్లించేవాడు ఒక మాట మరచిపోతే తరువాతి మాట కూడా రాదు. గొలుసు తెగినట్లు అంతా ఆగిపోతుంది. విషయం తెలిసినవానికి ఒక మాట పోతే మరొక మాట దొరుకుతుంది. అందుచేత మొదటి వాక్యాన్నీ, చివరి వాక్యాన్నీ మాత్రం కంఠస్థం చేసి, మధ్య భాగానికి పోస్టుకార్డంత అట్టమీద అయిదారు మాటలు పెద్ద అక్షరాలతో వ్రాసుకోవడం మేలు. అంకెలను తప్పక వ్రాసుకోవాలి.

శాస్త్ర పదాలను వాడవలసిందే. అయితే వస్తువును చూపిన తరువాతనే దాని పేరు చెప్పాలి. 'నీరు మరగకుండానే పైపై నుంచి ఆవిరి అయిపోతుంది. దీనిని బాష్పీభవనం అంటారు' అంటే మాట మనస్సులో నిలుస్తుంది. 'బాష్పీభవన గుప్తోష్ణ ప్రభావంచేత' అని ఆరంభిస్తే తరగతి సగం అక్కడే నిద్రపోతుంది.

నిమిషానికి ఎన్ని మాటలు చెప్పాలనే విషయంలో ఇంగ్లీషు పుస్తకాలలో ఇచ్చే లెక్క తెలుగుకు సరిపోదు. మన మాటలు విభక్తులతో, సమాసాలతో దీర్ఘంగా ఉంటాయి. ప్రతి విద్యార్థీ గడియారం దగ్గర పెట్టుకొని, నెమ్మదిగా మాట్లాడి, తన వేగాన్ని తానే కొలుచుకోవాలి. ఇంటివద్ద నాలుగున్నర నిమిషాలు పట్టేది తరగతిలో అయిదు నిమిషాలు పడుతుంది. ఎక్కువైతే కొంత భాగాన్ని తీసివేయాలి గాని వేగం పెంచకూడదు.

పెద్ద పరిశోధకులు కూడా ఈ క్రమశిక్షణకు లోబడుతున్నారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయం 2008లో పరిశోధక విద్యార్థులకు ఒక పోటీ ప్రారంభించింది. సంవత్సరాల తరబడి చేసిన పరిశోధనను మూడు నిమిషాలలో, ఒకే ఒక్క కదలని పటం సహాయంతో, సామాన్యులకు చెప్పాలి. మూడు నిమిషాలు దాటితే పోటీనుంచి తొలగిస్తారు. ఈ పోటీ తరువాత అనేక దేశాలకు వ్యాపించింది.

గొంతు, పటం

ఆరుబయట ధ్వని తీవ్రత దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. అంటే దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగవ వంతు అవుతుంది. గదిలో గోడలనుంచి వచ్చే ప్రతిధ్వనివల్ల ఇంతగా తగ్గకపోయినా, చివరి బల్లకు చేరేది ముందు బల్లకు చేరినంత ఉండదు. అందుచేత వక్త చివరి వరుసలోని వారితో మాట్లాడుతున్నట్లు మాట్లాడాలి. నల్లబల్లవైపు తిరిగి మాట్లాడకూడదు. వ్రాసేటప్పుడు వ్రాయాలి, తిరిగిన తరువాత మాట్లాడాలి.

పటంలోని అక్షరాల పరిమాణానికి కూడా లెక్క ఉన్నది. డచ్చి కంటి వైద్యుడు స్నెల్లెన్ 1862లో ప్రచురించిన దృష్టి పరీక్ష పట్టిక ప్రకారం, సాధారణ దృష్టి కలవారు 6 మీటర్ల దూరంనుంచి సుమారు 9 మిల్లీమీటర్ల ఎత్తు గల రోమను అక్షరాన్ని గుర్తించగలరు. చివరి బల్ల 9 మీటర్ల దూరంలో ఉంటే ఇది సుమారు 13 మిల్లీమీటర్లవుతుంది. ఇది కష్టపడి గుర్తించగల కనీస పరిమాణం. సుళువుగా చదవాలంటే దీనికి మూడు రెట్లు, అంటే 4 సెంటీమీటర్లు ఉండడం మంచిది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు ఉంటాయి గనుక ఇంతకు తగ్గించకూడదు. అక్షరం పెద్దదైతే పటంలో మాటలు తగ్గుతాయి, అదికూడా లాభమే.

భయం, అభ్యాసం

పదిమందిలో లేచి నిలబడగానే గుండె వేగంగా కొట్టుకోవడం, నోరు ఎండడం, చేతులు వణకడం సహజం. అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి విడుదల చేయడం దీనికి ఒక ముఖ్య కారణం. పరుగు పందెంలో నిలబడినవానికీ ఇదే జరుగుతుంది. ఇది తెలివితక్కువతనానికి గాని, పిరికితనానికి గాని గుర్తు కాదు. మొదటి మాటకు ముందు నెమ్మదిగా ఒక దీర్ఘశ్వాస విడవడం, మొదటి వాక్యం నోటికి వచ్చి ఉండడం, చేతికి చేయడానికి ఒక పని ఉండడం: ఈ మూడూ భయాన్ని అదుపులో ఉంచుతాయి.

అభ్యాసాన్ని ఒకే రాత్రి చేయడంకంటె మూడు నాలుగు రోజులపాటు కొంచెం కొంచెంగా చేయడం మేలు. ఎడం ఇచ్చి చేసిన అభ్యాసం ఎక్కువగా నిలుస్తుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన ప్రయోగాల ద్వారా చూపాడు. మొదటిసారి ఒంటరిగా, పైకి వినబడేటట్లు చెప్పుకోవాలి. రెండవసారి తమ్మునికో, అమ్మమ్మకో, పక్కింటి స్నేహితురాలికో చెప్పాలి. మూడవసారి సామగ్రి అంతా అమర్చి, గడియారం పెట్టి చేయాలి.

రెండవసారి విన్నవారిని 'బాగున్నదా?' అని అడగడం దండగ. ఇంటివారు బాగున్నదనే అంటారు. 'నేను ఏమి చెప్పానో ఒక్క మాటలో చెప్పండి' అని అడగాలి. వారి జవాబు విద్యార్థి వ్రాసుకొన్న వాక్యానికి దగ్గరగా ఉంటే ఉపన్యాసం సిద్ధమైనట్లే. దూరంగా ఉంటే మార్చవలసింది ఉపన్యాసాన్ని. వినేవారికి అర్థం చేసుకొనే శక్తి లేదనుకోవడం సులభమైన పొరపాటు.

ప్రశ్నలు

ఉపన్యాసం తరువాత వచ్చే ప్రశ్నలతోనే విద్యార్థి అసలు జ్ఞానం బయటపడుతుంది. కుండను గురించి రాగల ప్రశ్నలను ముందే ఊహించుకోవచ్చు. పాత కుండ ఎందుకు అంతగా చల్లబరచదు? నీటిలోని లవణాలు పేరుకొని సూక్ష్మ రంధ్రాలు మూసుకొని పోవడంవల్ల. కుండకు తడిగుడ్డ చుడితే ఎందుకు మంచిది? ఆవిరి అయ్యే నీరు ఎక్కువ అవుతుంది కాబట్టి. ఎంత సేపు ఉంచినా కుండలో మంచుగడ్డ ఎందుకు తయారుకాదు? గాలిలోని తేమను బట్టి ఒక హద్దు ఉంటుంది. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపేది ఇంచుమించుగా ఆ హద్దునే.

తెలియని ప్రశ్న వస్తే 'నాకు తెలియదు. తెలుసుకొని చెబుతాను' అనడమే శాస్త్ర మర్యాద. తోచినది కల్పించి చెప్పడం అన్నిటికంటె పెద్ద తప్పు. కొలతల విషయంలోనూ అంతే. ఎనిమిది డిగ్రీల తేడా రావాలని పుస్తకంలో ఉండి, ప్రయోగంలో రెండు డిగ్రీలే వస్తే, రెండు అనే చెప్పాలి. ఎందుకు రెండే వచ్చిందని ఆలోచించిన విద్యార్థి గుడ్డ ఆరిపోయిందనో, ఆనాడు గాలిలో తేమ ఎక్కువగా ఉన్నదనో కనుగొంటాడు. అంకెను దిద్దుకొన్నవాడు ఏదీ కనుగొనలేడు.

ఉపాధ్యాయులు చేయగలది

చాలా తరగతులలో ఎప్పుడూ ముగ్గురు నలుగురే మాట్లాడుతూ ఉంటారు. మిగిలినవారు ఒక్క విషయాన్నయినా నిలబడి వివరించకుండానే ఉన్నత పాఠశాల చదువు ముగిస్తారు. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ వంటి కార్యక్రమాలలో విద్యార్థులు తమ పరిశోధనను నోటితో వివరించవలసి ఉంటుంది. అక్కడికి పోయే ఇద్దరికి మాత్రమే శిక్షణ ఇస్తే తక్కినవారి సంగతి ఏమిటి?

కాలం చాలదనే సందేహానికి లెక్కే జవాబు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాల ఉపన్యాసం, మూడు నిమిషాల ప్రశ్నలు ఇస్తే, 45 నిమిషాల పీరియడులో అయిదుగురు మాట్లాడవచ్చు. నలభైమంది గల తరగతికి ఎనిమిది పీరియడులు చాలు. వాటిని విద్యా సంవత్సరమంతటా పరచుకోవచ్చు.

మార్కులు వేయడంలో ధారాళతకు మాత్రమే విలువ ఇస్తే మళ్ళీ వల్లెవేయడమే మిగులుతుంది. విన్న తరగతి ముఖ్య వాక్యాన్ని తిరిగి చెప్పగలిగిందా, వక్త స్వయంగా చూసినది గాని కొలిచినది గాని ఏమైనా ఉన్నదా, కాలాన్ని పాటించాడా, ప్రశ్నలకు నిజాయితీగా జవాబిచ్చాడా అనే నాలుగింటిని చూడడం మేలు. మాట్లాడుతుండగా మధ్యలో ఆపి దిద్దకూడదు. తప్పులను చివర చెప్పాలి. శ్రీకాకుళం యాస గాని, తెలంగాణ యాస గాని, రాయలసీమ యాస గాని పిల్లల నోట వచ్చినప్పుడు తోటివారు నవ్వకుండా చూడాలి. ఇంటి భాషలో చెప్పినంత మాత్రాన సూత్రానికి లోపం రాదు. ఒకసారి నవ్వులపాలైన విద్యార్థి మాత్రం రెండవసారి లేచి నిలబడకపోవచ్చు.

ఒక విషయాన్ని అయిదు నిమిషాలలో ఇతరులకు చెప్పడానికి పూనుకొన్నప్పుడే, తనకు అందులో ఎక్కడ సరిగా తెలియదో విద్యార్థికి తెలిసివస్తుంది. ఆ లోపాన్ని పూరించుకోవడానికి మళ్ళీ పుస్తకం దగ్గరకు, మళ్ళీ ప్రయోగం దగ్గరకు పోవలసి వస్తుంది. ఉపన్యాసం తయారు చేయడంలో శ్రోతలకంటె ముందుగా లాభం పొందేది వక్తయే.